వాంగ్మూలం వింటున్న మనిషి

మా ఇంట్లో ముందుగది లాండ్రీ, వెనకగది కాపురం. మధ్యలో తలుపు లేదు, దళసరి పరదా ఒకటి ఉంటుంది. అమ్మ పోయాక ఇస్త్రీ బల్ల నాకొచ్చింది. దాంతోపాటే ఇంటి సంగతులన్నీ గుర్తుపెట్టుకునే పనీ నాకే వచ్చింది. ఎవరు ఏ జబ్బుతో పోయారు, ఎవరికి ఎవరి ముక్కు వచ్చింది అని చుట్టాలంతా నన్నే అడిగేవాళ్ళు. తమ్ముడు జైలు నుంచి వచ్చాక అడగడం మానేశారు.

మెట్ల హత్య అంటే ఈ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. పెద్ద రోడ్డు మీది మేడలో కరెంటు పోయిన ఒక సాయంత్రం, బ్యాంకులో పనిచేసే ఒకావిడని మెట్ల మీద ఎవరో చంపేశారు. అదే సాయంత్రం ఆ మేడలో బట్టలు ఇచ్చి రావడానికి మావాళ్ళు వెళ్ళారు. మా తమ్ముడు, బక్కోడని అందరూ పిలిచే మా పిన్ని కొడుకు, వ్యాను నడిపే డ్రైవరు. పేపర్లవాళ్ళు ముగ్గురికీ కలిపి లాండ్రీ ముఠా అని పేరు పెట్టేశారు. స్టేషన్లో వారం తిరక్కుండానే ముగ్గురూ ఒప్పుకున్నారు. ఎలా ఒప్పుకున్నారో నేను రాయను. తమ్ముడి కుడిచేతి గోళ్ళు ఇప్పటికీ సరిగ్గా పెరగవు.

పదకొండేళ్ళు లోపలున్నారు. బక్కోడు అక్కడే దగ్గి దగ్గి పోయాడు. మిగతా ఇద్దర్నీ ఒక లాయరమ్మ బయటికి తెచ్చింది. ఎలా తెచ్చిందో నాకు అర్థమయ్యేలా చెప్పింది కూడా.

"మీవాడి చేత చెప్పించిన వాంగ్మూలం నిండా తప్పులేనమ్మా. తాడుతో బిగించామన్నాడు, అది తాడు కాదు. అరిచిందన్నాడు, ఎవరూ వినలేదు. గొలుసు లాక్కున్నామన్నాడు, ఆవిడ గొలుసే వేసుకోదు. ఆవిడ సంచి ఏమైందంటే నోరు తెరవలేదు. అది ఈరోజుకీ దొరకలేదు. చేసినవాడైతే ఇన్ని తప్పులు చెప్తాడా? ఆ తప్పులే అతన్ని కాపాడాయి."

కానీ సర్కారు ఊరుకోలేదు. పైకోర్టుకి వెళ్ళింది. ఈసారి జడ్జిగారే స్వయంగా అడుగుతారట.

"తెలీదు కాబట్టి తెలీదనే చెప్పమనండి," అంది లాయరమ్మ. "ఇప్పుడు కొత్తగా ఒక్క ముక్క సరిగ్గా చెప్పాడా, మళ్ళీ లోపలికే. అప్పుడు నేను కాదు కదా, ఎవరూ తేలేరు."

తమ్ముడికి చీకట్లో నిద్ర పట్టదు. లోపల రాత్రంతా లైట్లు వెలిగేవట. అందుకని మధ్యాహ్నం తిన్నాక వెనకగదిలో పడుకుంటాడు. నేను ముందుగదిలో ఇస్త్రీ చేసుకుంటాను. వచ్చిన కొత్తలోనే నిద్రలో మాట్లాడటం మొదలుపెట్టాడు.

మా ఇంట్లో ఎవరైనా నిద్రలో మాట్లాడితే లేపరు. పక్కనున్నవాళ్ళు మెల్లగా ఊఁ కొడతారు. మనసులోది కక్కేస్తే మనిషి తేలికపడతాడని అమ్మ అనేది. నాన్న నిద్రలో ఎలక్షన్ల ఉపన్యాసాలు ఇస్తుంటే అమ్మ అన్నింటికీ ఊఁ కొట్టి, తెల్లారాక "మీవాళ్ళే గెలిచారు లెండి, లేచి మొహం కడుక్కోండి" అనేది.

తమ్ముడు చెప్పేది మాత్రం వాంగ్మూలం. స్టేషన్లో బట్టీ పట్టించింది.

"రెండో అంతస్తు మెట్ల దగ్గర కాపు కాశాం..."

"ఊఁ," అన్నాను పరదా ఇవతల నుంచి.

"మూట కట్టే తాడు మెడకి వేశాం..."

"ఊఁ."

చివరిదాకా చెప్పి నిద్రపోయాడు. దేవుణ్ణి తలుచుకుని పని చూసుకున్నాను. రోజూ అదే. అతను చెప్తాడు, నేను ఊఁ కొడతాను. విసుగొచ్చేంతగా అలవాటైపోయింది. ఒక్కోసారి చొక్కా కాలరు మీద ధ్యాసలో పడి, ఏం వింటున్నానో కూడా తెలిసేది కాదు.

ఒకరోజు మూకుడంత మచ్చ ఉన్న దుప్పటి ఒకటి వచ్చింది. దాన్ని చూస్తూ ఊఁ కొట్టడం మర్చిపోయాను.

"...కాపు కాశాం."

"ఊఁ."

అది నా గొంతు కాదు.

పరదా తీసి చూశాను. మంచం మీద తమ్ముడొక్కడే. గదిలో కొవ్వొత్తి అప్పుడే ఆర్పినట్టు వాసన. మా ఇంట్లో కొవ్వొత్తులు లేవు.

వీధిలో ఎవరో అయి ఉంటారని సర్దిచెప్పుకున్నాను. అలసిపోయినవాళ్ళకి భయపడే ఓపిక కూడా ఉండదు. ఆ వారమే అన్నం తింటూ తమ్ముడు చెయ్యి ఆపాడు.

"అక్కా, ఆవిడ సంచి ఏ రంగో నీకు తెలుసా?"

"నాకెలా తెలుస్తుందిరా?"

"ఆకుపచ్చ."

"ఎవరు చెప్పారు?"

అతను కంచంలోకి చూశాడు. "ఏమో. నాకెప్పుడూ తెలీదు. ఇవాళ లేచేసరికి తెలుసు."

"ఇంకేం తెలుసు నాన్నా?"

"అదొక్కటే." నవ్వబోయాడు. "కంగారుపడకే. జడ్జిగారి ముందు నోటికి ఇస్త్రీ చేసుకుని వెళ్తాలే."

వాయిదాకి ఇంకా నాలుగు రోజులున్నాయి. మర్నాడు మధ్యాహ్నం అతన్ని పడుకోనివ్వకూడదనుకున్నాను. టీ ఇచ్చాను, రేడియో పెట్టాను, గుండీలు కుట్టమని చొక్కాలిచ్చాను. సూది చేతిలో ఉండగానే తల వాలిపోయింది.

బయట వాన పట్టుకుంది. పట్టపగలే చీకటి కమ్మింది. కరెంటు పోయింది. చల్లారుతున్న ఇస్త్రీపెట్టె టిక్కు టిక్కుమంటోంది. ఆ వాసన మళ్ళీ వచ్చింది. ఈసారి దాని వెంట తడిసిన సిమెంటు వాసన... మెట్ల కింద ఉండే వాసన.

"రెండో అంతస్తు..." అన్నాడు తమ్ముడు.

"మూడు." మెత్తటి ఆడగొంతు. కోపం లేదు. బడిలో పంతులమ్మ దిద్దినట్టు.

"మూడో అంతస్తు... తాడు..."

"తాడు కాదు. నా సంచి పట్టీ."

"సంచి పట్టీ... అరిచింది..."

"అరవలేదు. అరవనివ్వలేదు."

"అరవనివ్వలేదు..."

"సంచి ఎక్కడ పెట్టాడో చెప్పు."

"తెలీదు..."

"చెప్తాను. విను."

నేను పరదా లాగేశాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు తమ్ముడు. మంచం అంచున, అతని వీపు పక్కన, దుప్పటి లోపలికి నొక్కుకుపోయి ఉంది. మనిషి కూర్చున్నట్టు. మనిషి లేదు.

నోట్లో ప్రార్థన తిరగలేదు. పరదా పట్టుకునే అడిగాను.

"అమ్మా... మావాడు కాదు కదా?"

"కాదు."

"మరెవరు?"

"చూడలేదు. వెనక నుంచి వచ్చాడు. సంచి ఎక్కడుందో మాత్రం నాకు తెలుస్తోంది."

"మరి వీడికెందుకమ్మా చెప్తున్నావు? వీడు ఇవన్నీ నేర్చుకుంటే మళ్ళీ తీసుకెళ్ళిపోతారు. ఈసారి తిరిగి రాడు."

వాన చప్పుడు మీదుగా ఆ గొంతే పలికింది.

"అందరూ కేసు గురించే మాట్లాడారు. నేనెలా పోయానో రోజూ తలుచుకున్నవాడు ఇతనొక్కడే. అన్నీ తప్పులే. అయినా ఇతనొక్కడే."

పాపం అనిపించింది. ఆ భయంలోనే, నిజంగా పాపం అనిపించింది.

"వాణ్ణి వదిలెయ్యి తల్లీ. నాకు చెప్పు. మా ఇంట్లో పోయినవాళ్ళ సంగతులన్నీ నా దగ్గరే ఉంటాయి. నిన్నూ గుర్తుపెట్టుకుంటాను."

దుప్పటి మీది గుంట మెల్లగా నిండింది. నా మెడ పక్కన చల్లగాలి తగిలింది. తమ్ముడు కాళ్ళు చాపుకుని, పసివాడిలా సాయంత్రందాకా కదలకుండా నిద్రపోయాడు.

పైకోర్టులో జడ్జిగారు తిప్పితిప్పి అడిగారు. ఏ అంతస్తు? దేనితో? సంచి ఏది? తమ్ముడు ప్రతిదానికీ "తెలీదండి" అన్నాడు. ఆకుపచ్చ రంగు కూడా గుర్తులేదట. నేను వెనక బెంచీ మీద కూర్చుని పెదవులు పళ్ళతో నొక్కిపట్టుకున్నాను. అన్ని జవాబులూ నా నోట్లోనే ఉన్నాయి.

కేసు కొట్టేశారు. బయటికొచ్చాక డ్రైవరు వ్యానెక్కుతూ, "ఇన్నాళ్ళకి తెలీదంటే నమ్మేవాడు దొరికాడక్కా," అని నవ్వుతూనే ఏడ్చాడు. తమ్ముడు ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. ఇప్పుడు రాత్రిళ్ళు లైటు ఆర్పి పడుకుంటున్నాడు. నిద్రలో మాట్లాడడు.

సంచి ఆ మేడలోనే ఉంది. నీళ్ళ మోటారు గదిలో, పెద్ద పైపుల వెనక. దాన్ని తీస్తే ఆ వెనక నుంచి వచ్చినవాడెవడో తేలుతుందేమో. కానీ నేను చెప్తే మొదటి ప్రశ్న నీకెలా తెలుసనే. నీ తమ్ముడు చెప్పాడా అనేది రెండోది. అందుకే చెప్పలేదు. దేవుడికి మాత్రం రోజూ చెప్తాను. ఆయన వింటున్నాడో లేదో ఈ మధ్య తెలియడం లేదు.

ఆవిడ రోజూ మధ్యాహ్నం వస్తుంది. చెప్తుంది. చచ్చిపోవడంతో అయిపోతుందనుకున్నాను. అవలేదు. ఆ తర్వాతిది చెప్తోంది. ఎలా లేచిందో, మెట్లు ఎలా దిగిందో, గేటు దాటి ఎన్నేళ్ళు ఏ దారుల్లో నడిచిందో. గొంతు ముందే వచ్చేసింది, మనిషి ఇంకా దారిలోనే ఉంది. పోయినవారం మార్కెట్టు దాటింది. నిన్న మా వీధి మలుపు తిరిగింది.

ఇవాళ గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"మీ ఇంటి ముందుకొచ్చాను. ఆ రోజు వచ్చినవాడు ఇంకా నా వెనకే ఉన్నాడు. నేను ఆగితే ఆగుతున్నాడు, నడిస్తే నడుస్తున్నాడు. నేను వెనక్కి తిరగలేను. కిటికీ కొంచెం తెరిచి... నా వెనక ఎవరున్నారో చూసి చెప్పవూ?"