ఎనిమిది అనేదాకా

అఫ్జల్‌గంజ్‌లో, నయాపూల్ వంతెనకి ఇవతల, ఒక అత్తర్ల దుకాణం మీది మేడలో ఉండేది నా ఫొటో స్టూడియో. 1938 వానాకాలం. ఆ రోజు నా బల్ల మీద రెండు లెన్సులు పక్కపక్కన ఉన్నాయి. రెండూ ఒకే కంపెనీవి. పాతది ఇత్తడిది, మా నాయన వాడింది. దానికి షట్టరు లేదు. చేత్తో మూత తీసి, ఎనిమిది లెక్కపెట్టి, మళ్లీ మూత పెట్టాలి. అంతసేపూ ఎదుటి మనిషి కదలకూడదు. మీసాలు మెలేసుకుని వచ్చిన పెద్దమనుషులు కూడా ఐదో అంకెకు తుమ్మేవారు. కొత్తది అదే లెన్సుకు కొత్త రూపు. షట్టరు లోపలే ఉంది. టక్కుమంటే పని అయిపోతుంది.

"రెండిట్ల ఒకటే ఉంచుకో వైకుంఠం," అన్నాడు కెమెరా సామాన్ల వ్యాపారి రామలింగయ్య. "పాతది నాకియ్యి, కొత్తది నీకిస్త. పొద్దుగూకే యాళ్లకు వస్త. ఇయ్యాల్నా వద్దా అని గిట్ల సోంచాయించుకుంట కూసోకు."

ఎవరైనా కొత్తదే తీసుకుంటారు. నాకు మాత్రం చెయ్యి రాలేదు.

మా లీలమ్మకు ఆరేళ్లు. ఒక్క ఫొటోలోనూ దాని ముఖం లేదు. మూడో అంకెకే నవ్వేది, తల తిప్పేది. ఫొటో పడే ప్లేటు మీద పొగ మరక ఒకటి మిగిలేది. "ఎనిమిది అనేదాకా కదలకు బిడ్డా" అని ఎన్నిసార్లు కోప్పడ్డానో! కిందటి చలికాలం దానికి జ్వరం వచ్చింది. కాస్త తగ్గిందనుకున్న రోజున, నా భార్య ఆండాలు వద్దంటున్నా వినకుండా, ఎత్తుకొచ్చి స్టూడియో కుర్చీలో కూర్చోబెట్టాను. మూత తీశాను. ఒకటి, రెండు, మూడు. లీలమ్మ కదలలేదు. నాలుగు, ఐదు. నాకెంత సంతోషమో. "శభాష్ బిడ్డా" అన్నాను. ఆరు. అప్పుడు చూశాను, దాని రెప్ప కూడా ఆడడం లేదు. ఏడు అనలేదు నేను. మూత పారేసి పరుగెత్తాను.

ఆ ప్లేటు నేను కడగనేలేదు. కొత్త రకం తీసుకొమ్మని రామలింగయ్య రెండేళ్లుగా చెబుతూనే ఉన్నాడు. నేనే మొండికేశాను. అప్పుడే విని ఉంటే నా బిడ్డ నవ్వు నాకు మిగిలేది. కానీ దాని ముఖాన్ని చివరిసారి చూసింది ఈ పాత గాజే. దీన్ని ఎట్లా ఇచ్చెయ్యను?

మధ్యాహ్నం ఆండాలు అన్నం గిన్నె తెచ్చింది. బయట ముసురు. ఆమె ఒకప్పుడు నన్ను "లీల బాపూ" అని పిలిచేది. బిడ్డ పోయాక ఆ పిలుపు మానేసింది.

"ఇచ్చెయ్యి దాన్ని," అంది, పాత లెన్సు వైపు చూడకుండానే. "నా బిడ్డను మింగింది."

"రెండూ ఒక్కసారి చూసి చెప్త. గా కుర్చీల కూసో. కదలకు."

ముందు కొత్తది బిగించి, నల్లగుడ్డ తల మీద కప్పుకున్నాను. గుడ్డ కింద పట్టపగలైనా చీకటే. ఫొటోలు కడిగే హైపో మందు వాసన, చెమట వాసన. కెమెరా వెనక ఉండే గరుకు అద్దం మీద ఏ బొమ్మైనా తలకిందులుగానే పడుతుంది. ఆండాలు తలకిందులుగా కనబడింది. చీర పోగులు కూడా లెక్కపెట్టవచ్చు.

తర్వాత పాతది బిగించాను. పైకప్పు అద్దాల మీద వాన జోరందుకుంది. మళ్లీ గుడ్డ కింద దూరాను. ఆండాలు, తలకిందులుగా. ఆమె పక్కన, కుర్చీ చెయ్యి పట్టుకుని, ఒక పిల్ల...

ఆ పిల్ల తలకిందులుగా లేదు. నిటారుగా నిలబడి ఉంది.

గుడ్డ తీసి చూశాను. ఆండాలు ఒక్కతే ఉంది.

"ఏమైంది?"

"ఏం లేదు... కదలకు."

మళ్లీ లోపలికి. పిల్ల అక్కడే ఉంది. ఈసారి ముఖం కనబడింది. పొగ లేదు, మరక లేదు. నా లీలమ్మ. ఒక్కో రెప్పవెంట్రుకా తేటగా... కదలడం లేదు.

గుడ్డ కింద నీలగిరి తైలం వాసన వచ్చింది. జ్వరం రోజుల్లో దాని నుదుటికి రాసిన తైలమే. నా చెవి పక్కనే, గుడ్డ లోపలే, చల్లగా...

"బాపూ... నేను కదల్లే."

"చూసిన బిడ్డా," అన్నాను.

"ఇంకెన్ని ఉన్నయ్?"

అప్పుడు తెలిసింది. ఆ రోజు ఆరు దగ్గర ఆపేశాను. ఇన్ని నెలలుగా ఇది నా మాట కోసం అట్లాగే నిలబడి ఉంది. బతికినన్నాళ్లూ వినని మాట, పోయాక వింటోంది.

"ఏడు," అన్నాను.

ఆ పై అంకె నోటికి రాలేదు. అంటే వెళ్లిపోతుంది. అనకపోతే నా దగ్గరే ఉంటుంది... ఇట్లా, రెప్ప కొట్టకుండా.

"బాపూ... కాళ్లు గుంజుతున్నయ్."

ఇంక ఓర్చుకోలేకపోయాను.

"ఎనిమిది."

పిల్ల కదిలింది. మళ్లీ ఆ పాత పొగ మరకే. అద్దానికి అడ్డంగా జరిగింది... ఆండాలు ఒడి వైపు. తర్వాత అద్దంలో ఆండాలు ఒక్కతే మిగిలింది.

నిటారుగా.

పొద్దుగూకుతుండగా రామలింగయ్య వచ్చి పాత లెన్సు పట్టుకుపోయాడు. నేను వద్దనలేదు. స్టూడియోకు తాళం వేసి, ఇద్దరం ఇంటికి బయలుదేరాం. నయాపూల్ మీద జనం తడి గొడుగులు దులుపుకుంటున్నారు. కింద మూసీ ఎర్రగా పారుతోంది. పద్నాలుగేళ్ల కాపురంలో ఆండాలు బజారులో నాకు నాలుగడుగులు వెనకే నడిచింది. ఆ సాయంత్రం ముందుకు వచ్చి, అందరూ చూస్తుండగా, నా చిటికెన వేలు పట్టుకుంది. వంతెన వస్తే లీలమ్మ అట్లాగే పట్టుకునేది.

"బాపూ," అంది.

ఆ పిలుపుకు ముందు 'లీల' అనడం మరిచిందేమో అనుకున్నాను. తర్వాత నీలగిరి వాసన తగిలింది.

వేలు విడిపించుకోలేదు నేను. ఇంకాస్త బిగించి పట్టుకుని వంతెన దాటించాను. ఆండాలు ఎక్కడికి పోయిందని మాత్రం నేను అడగలేదు.