నోట్లో తీగ లేనిది

డ్యామ్ కంట్రోల్ రూమ్‌లో నెట్‌వర్క్ చూసే టెక్నీషియన్ ఆ ఉదయం ఎనిమిదింటికి ఫ్లాస్కులోంచి టీ వంచుకుని రెండు గుక్కలు తాగాడు. మూడో గుక్కకు కప్పు జారింది. కప్పు వెనకే మనిషీ జారాడు. టీలో విషం.

ప్రాణం పోలేదు, అలాగని తిరిగి రానూ లేదు. డ్యామ్‌కు దిగువన, ఏటి ఒడ్డు ఆస్పత్రిలో ట్యూబుల మధ్య పడి ఉన్నాడు. మంచం పక్కన అతని భార్య. ఆమె పక్కన ఆమె తమ్ముడు. రహస్య శాఖ రికార్డుల్లో అతను ఏజెంట్ తొమ్మిది. అక్క లెక్కలో మాత్రం ఫ్యాన్లు అమ్ముకునే తమ్ముడు.

"నీ చేతులేంట్రా ఇంత చల్లగా ఉన్నాయి? చిన్నప్పటి నుంచీ ఇంతే, భయమేస్తే కప్పలా అయిపోతావు."

"ఏసీ అక్కా."

"మీ బావవి దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎప్పుడూ కాలిన వేళ్ళే. ఆ కంప్యూటర్ల స్విచ్చిలో దూర్చే ముక్కలు, రాగి తీగ గుచ్చేవి, మహా వేడట. 'పని చేసేదే కాలుతుందే, నోట్లో తీగ లేనిది చల్లగా పడుంటుంది, మీ తమ్ముడిలాగా' అంటారు." నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నర్సు వచ్చి తమ్ముణ్ణి బయటికి పిలిచింది. దుప్పట్లు పెట్టే గదిలో చీఫ్ కూర్చుని ఉన్నాడు. అరచేతిలో బొటనవేలంత లోహపు ముక్క.

"కాపర్ ట్రాన్సీవర్ మాడ్యూల్. నెట్‌వర్క్ స్విచ్చి పెట్టె స్లాటులోకి ఇది, దీని నోట్లోకి కేబుల్. డ్యామ్ గేట్లకు వెళ్ళే ప్రతి కమాండూ వీటిలోంచే పోతుంది. పోయిన వారం కొత్తవి ఇరవై నాలుగు వచ్చాయి. అందులో ఒకటి విదేశీ ముఠాది. లోపల బుల్లి కంప్యూటర్, రేడియో. నిన్న మీ బావే పసిగట్టి మనకు కబురు పెట్టాడు. అది ఎన్నో నంబరుదో చెప్పేలోగా టీ తాగాడు."

"అదేం చేస్తుంది సార్?"

"మధ్యాహ్నం పన్నెండింటికి గేట్లన్నీ ఎత్తేస్తుంది."

కిటికీ అవతల ఏరు మోకాలి లోతున, సాధు జంతువులా పారుతోంది. దానికి నలభై అడుగుల దూరంలో అక్క.

"ఆస్పత్రి ఖాళీ చేయిస్తే?"

"వాళ్ళ కళ్ళు వీధి వీధినా ఉన్నాయి. ఒక్క అంబులెన్సు కదిలినా ఇప్పుడే నొక్కేస్తారు."

"కరెంటు తీసేస్తే?"

"గేట్ల మీద అదుపు పోతుంది. తప్పు మాడ్యూల్ పీకినా అంతే, దొంగది పసిగట్టి ఆ క్షణమే పని కానిచ్చేస్తుంది. మొదటి దెబ్బకే దాన్ని పీకాలి. ముఠాలో మన మనిషి ఒకతె ఉంది, జాజి. మాడ్యూల్స్ అమ్మిన కంపెనీ తరఫున కంట్రోల్ రూమ్‌లోనే ఉంటుంది. నంబరు చెబుతుంది. చెప్పకపోతే ఈ పెన్ను. రేడియో ఉన్నదాని మీద పెడితే ఎర్ర లైటు వస్తుంది."

పదకొండు ముప్పావుకు ఏజెంట్ తొమ్మిది బూడిద రంగు యూనిఫామ్‌లో, అంటించిన మీసంతో కంట్రోల్ రూమ్ గుమ్మం దగ్గర ఉన్నాడు. సెక్యూరిటీ గార్డు అతని జేబు తడిమి పెన్ను తీసి ట్రేలో పడేశాడు.

"పెన్నులు కూడా లోపలికి పోకూడదు. పొద్దున గొడవ తర్వాత కొత్త రూలు."

"మరి రాసుకోవాలంటే?"

"గుర్తు పెట్టుకో."

మీసం ఒక చివర చెమటకు లేచింది, వేలితో అదిమాడు.

లోపల ర్యాకుల మధ్య సెంటు వాసన ముందొచ్చింది, మనిషి తర్వాత వచ్చింది. ఎర్ర కోటు, తీరిగ్గా నడక.

"ఇక్కడ ఫ్యాన్ల మోత ఎక్కువ," అన్నాడు కోడ్ ప్రకారం.

"అలవాటైతే జోలపాట," అంది జాజి. తర్వాత గొంతు తగ్గించి, "ఏడోది. త్వరగా."

స్విచ్చిలో ఇరవై నాలుగు మాడ్యూల్స్. పదహారింటికి కేబుళ్ళు, పచ్చ లైట్లు మిణుకుమంటున్నాయి. మిగతా ఎనిమిది అవసరం పడితే ఉంటాయని పెట్టినవి, నోళ్ళకు రబ్బరు బిరడాలు. మందలో దొంగ గొడ్డు కలిసినట్టు అన్నీ ఒకే పోలిక.

పదకొండు యాభై ఎనిమిది. ఏడోదాని మీద వేలు పెట్టాడు. చుర్రుమంది. ఆరోది ముట్టుకున్నాడు. అదీ చుర్రుమంది. ఎనిమిదోదీ అంతే. మూడూ తీగ ఉన్నవే, మూడూ పని చేస్తున్నవే. ఏడోదాని ప్రత్యేకత ఏమిటి?

"ఏం తడుముతున్నావు? పీకు!"

నోట్లో తీగ లేనిది చల్లగా పడుంటుంది.

వేలు బిరడాల వైపు జరిపాడు. పదిహేడు, చల్లగా ఉంది. పద్దెనిమిది చల్లన. పంతొమ్మిది చల్లన. భయానికి గడ్డకట్టిన ఆ వేలికి ఇరవయ్యోది నిప్పురవ్వలా తగిలింది.

"అది ఖాళీది," అంది జాజి. గొంతులో తీరిక పోయింది. "దానికి తీగే లేదు."

"తీగ లేనిదానికి ఇంత జ్వరమెందుకు?"

బ్రోషర్లు చదివి అమ్మిన మనిషి. ఒక్కసారైనా వేలు పెట్టి చూసిన మనిషి కాదు. ఆమె చేతిలోని లిప్‌స్టిక్ మూత ఊడింది. లోపల సన్నని తుపాకీ గొట్టం.

"చెయ్యి తియ్యి. పొద్దున మీ టెక్నీషియన్‌కు టీతో సరిపెట్టాను."

పన్నెండుకు ఇరవై సెకన్లు. ఏం చేస్తున్నాడో అతనికే తెలియలేదు, ఎడం చేత్తో ఆమె మణికట్టు పట్టేశాడు. ఒంటి మీద కప్ప దూకినట్టు ఆమె "ఛీ!" అని అదిరిపడింది. గుండు సీలింగ్‌లో దిగింది. కుడి చేత్తో ఇరవయ్యోదాని గొళ్ళెం దించి, మాంసం కాలుతున్నా వదలకుండా లాగేశాడు.

గోడ గడియారం పన్నెండు దాటింది. గేట్ల ఎత్తు చూపే తెర మీద గీత కదల్లేదు. గార్డులు పరుగెత్తుకొచ్చేసరికి అతను ఆమె మణికట్టు ఇంకా వదల్లేదు. ధైర్యంతో కాదు, వేళ్ళు విడివడక.

మూడో రోజుకు బావ కళ్ళు తెరిచాడు. బావమరిది కుడి చేతి కట్టు చూశాడు.

"ఫ్యాన్లు కూడా కాలతాయిట్రా?"

"పని చేసేవి కాలతాయి బావా."

"అయితే నువ్వూ పని చేస్తున్నావన్నమాట," అని గోడ వైపు తిరిగి నవ్వుకున్నాడు. అక్కకు ఏమీ అర్థం కాలేదు. ఇద్దరికీ కలిపి చీవాట్లు పెట్టింది.

సాయంత్రం హెడ్డాఫీసు నుంచి పార్సిల్ వచ్చింది. విప్పితే వేడికి తట్టుకునే తోలు గ్లవ్స్. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో ఆ శాఖను మించింది లేదు. పైగా రెండూ ఎడమ చేతివే.