పీపా దగ్గర చెప్పాల్సిన పేరు

ఆ రేవులో చీకటి పడ్డాక నీళ్లు తాగేవాడు లేడు. పోసేవాళ్లే.

బెల్లారా పల్లెకు మూడు మైళ్ల అవతల, బండిదారి వాగును దాటే చోట, ఒక పాత ఓడ పీపా ఉండేది. పక్కనే తలుపు లేని గుడిసె ఒకటి. సంకెళ్లతో రోడ్డు వేసే ఖైదీల ముఠా కోసం ఒకప్పుడు ఆ పీపాలో నీళ్లు నింపి ఉంచేవారు. రోడ్డయింది, ముఠా వెళ్లిపోయింది. దొరల పశువులు తొక్కి తొక్కి పక్కనున్న ఊట కూడా పూడిపోయింది. తొక్కించకండయ్యా అని ఆ నేల అసలు హక్కుదారులైన ఆదివాసులు ముందే చెప్పారట. వింటేగా.

పీపా మాత్రం మిగిలింది. రాత్రిళ్లు అది... మోగేది.

రేకు గ్లాసుతో చెక్క మీద కొట్టినట్టు. టక్ టక్... కాసేపు ఆగి... టక్.

సంకెళ్లతోనే దాహానికి చచ్చిన ఖైదీ ఎవడో ఇంకా నీళ్లకోసం కూర్చున్నాడని బండివాళ్లు తేల్చేశారు. వాడికి ఒక మర్యాద కూడా వాళ్లే ఏర్పాటు చేశారు. రాత్రిపూట రేవు దాటేవాడు పీపాలో ఒక గ్లాసు నీళ్లు పొయ్యాలి, తన పేరు గట్టిగా చెప్పాలి, వెనక్కి చూడకుండా పోవాలి. పేరెందుకయ్యా అంటే బండి తోలే డినీ హార్కిన్ నవ్వేవాడు. "ఖైదీలుగా ఓడలో వచ్చినప్పుడు మనకు నీళ్లెట్లా పోశారు? పేరు పిలిస్తే పలికినోడికే కదా. దెయ్యమైనా మన ఓడ దెయ్యమేరా, పద్ధతి మానుతుందా?" అనేవాడు.

ఒకడు తాగిన మైకంలో తన పేరుకు బదులు దొరగారి పేరు చెప్పాడట. నాలుగు బారలు పోకముందే ఇరుసు విరిగింది. దెయ్యం వల్లో, రమ్ము వల్లో ఎవరు చూడొచ్చారు? కానీ ఆ రోజు నుంచి అక్కడ అబద్ధపు పేరు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

బెల్లారాలో ఒకే ఒక్క మనిషి ఆ రేవును రాత్రిపూట ఏనాడూ దాటలేదు. కంచెలకు దుంగలు చీల్చే ఐర్లాండువాడు. ఊరంతా అతన్ని ఫెలిం నూనన్ అంటారు. గొర్రెను దొంగిలించినందుకు ఏడేళ్ల శిక్ష పడి వచ్చాడు, అది తీరి విడుదల కాగితం కూడా చేతికొచ్చింది. పొద్దు వాలితే చాలు, ఎంత పనున్నా రేవుకు ఇవతలే పక్క వేసేవాడు. నూనన్‌కు సూర్యుడే కాపలా అని జనం ఎగతాళి చేసేవారు. అతను కూడా వాళ్లతో పాటు నవ్వి ఊరుకునేవాడు.

నవ్వక ఏం చేస్తాడు? అతని పేరు ఫెలిం నూనన్ కాదు. మాలకీ క్రెహాన్. ఆ దేశం మొత్తం మీద ఆ సంగతి తెలిసినవాడు అతనొక్కడే.

ఇలా ఉండగా ఒక సోమవారం సారాకొట్టు యజమాని ఒక ఉత్తరం చదివి వినిపించాడు. ఫెలిం నూనన్ భార్య ఒనోరా, పాదిరిగారి చేత అర్జీ మీద అర్జీ పెట్టించి, ఎట్టకేలకు ఓడెక్కింది. సిడ్నీలో దిగింది కూడా. డినీ హార్కిన్ బండిలో బయల్దేరింది, శుక్రవారం మధ్యాహ్నానికి భర్తను చేరుకుంటుంది.

కొట్టులో అందరూ అతని వీపు చరిచారు. ఒకడు రమ్ము పోయించాడు. "ఎనిమిదేళ్లకు పెళ్లాం వస్తుంటే ఆ మొహమేంట్రా, వడగళ్లకు పంట పోయినట్టు? పో, కొత్త చొక్కా కుట్టించుకో," అని ఇంకొకడు తోశాడు.

చొక్కా మాట వినగానే మాలకీ రమ్ము గ్లాసు కింద పెట్టేశాడు.

ఓడలో ఆరుగురు ఖైదీలకొక బంతి, అంటే కలిసి తినే జట్టు. నీళ్లూ రొట్టే బంతి లెక్కనే ఇచ్చేవారు. ఫెలిం, మాలకీ ఒకే బంతి, ఒకే చెక్కబల్ల మీద పక్క. ఇద్దరిదీ ఐర్లాండులో క్లేర్ సీమే, పక్కపక్క ఊళ్లు. మాలకీ దొర గడ్డివామి తగలబెట్టాడు, అతనికి యావజ్జీవం. వయసులో పెద్దవాడని ఫెలింను అన్నా అనేవాడు. ఫెలిం కూడా అన్నలాగే ఉండేవాడు. మాలకీకి వాంతులయిన రోజుల్లో తన వంతు నీళ్లలో సగం అతనికే తాగించాడు. తర్వాత ఓడలో జ్వరం పాకింది. ఈసారి పడ్డది ఫెలిం.

ఒక తెల్లవారుజామున మాలకీ చెయ్యి పెట్టి చూస్తే ఫెలిం ఒళ్లు చల్లగా ఉంది.

తలలు అందరికీ గొరిగినవే. జ్వరానికి మొహాలన్నీ ఒకటే పుర్రె. మనిషికీ మనిషికీ తేడా చొక్కా మీద కుట్టిన నంబరు మాత్రమే. డాక్టరు దిగేలోపు మాలకీ ఫెలిం చొక్కా విప్పాడు. చేతులు అప్పటికే బిగుసుకుపోతున్నాయి, మోచేయి దగ్గర కాస్త బలం పెట్టాల్సొచ్చింది. తన చొక్కా అతనికి తొడిగాడు. అతనిది తను తొడుక్కున్నాడు. బంతిలో మిగతా నలుగురూ చూశారు, ఒక్కడూ నోరు విప్పలేదు. ఒకడి యావజ్జీవం తప్పితే వాళ్లకేం పోయింది?

ఆ పూట మాలకీ క్రెహాన్‌ను గోనెలో కుట్టి సముద్రంలో వేశారు. పేర్లు పిలిచినప్పుడు ఫెలిం నూనన్ పలికాడు, తన నీళ్లు తను పట్టుకున్నాడు.

ఇప్పుడు ఆ మనిషి భార్య వస్తోంది. ఆమె ఒక్కసారి మొహం చూస్తే చాలు. ఏడేళ్లు అబద్ధమవుతాయి, యావజ్జీవం నిజమవుతుంది, పైన కొరడా దెబ్బలు. రేవు దాటగానే దారి రెండుగా చీలుతుంది. ఒకటి పర్రమట్టా పట్నానికి. రెండోది దక్షిణాన పశువుల మేతబీళ్లకు. అక్కడ మనిషి పేరు ఎవడూ అడగడు. గురువారం రాత్రి మాలకీ కాల్చిన రొట్టె రెండు ముక్కలు మూటకట్టి, నీళ్ల బుడ్డి భుజాన వేసుకుని బయల్దేరాడు. ఆమె వచ్చి తన ఖాళీ గుడిసె ముందు నిలబడుతుందన్న ఆలోచన వచ్చినప్పుడల్లా నడక వేగం పెంచాడు.

వెన్నెల పల్చగా ఉంది. వాగులో నీళ్లు లేవు, రాళ్లే. పీపా మనిషి కూర్చున్నట్టు కనిపించింది.

ఏమీ వినిపించలేదు. బతికాననుకున్నాడు. ఇసుకలో నాలుగడుగులు వేశాడు...

టక్ టక్.

కాలు అక్కడే ఆగింది.

...టక్.

గబగబా బుడ్డి విప్పి పీపాలోకి ఒంపాడు. తొందరలో సగం బయట పోయింది. "ఫెలిం నూనన్ని," అన్నాడు గట్టిగా.

టక్ టక్... టక్.

"ఫెలిం నూనన్. ఓడలో వచ్చినవాణ్ని. పోనివ్వు," అన్నాడు మళ్లీ.

టక్ టక్... టక్.

శబ్దం పెద్దది కాలేదు. కోపంగానూ లేదు. మొదట ఎలా ఉందో అలాగే, ఓపిగ్గా. ఆ ఓపికే అతనికి తెలుసు. ఎనిమిదేళ్లుగా తలగడలో విన్నది అదే. పీపా పక్కన కూలబడ్డాడు. నుదురు చెక్కకు ఆనించి, ఓడ దిగాక ఒక్కసారైనా నోటితో అనని మాట అన్నాడు.

"మాలకీ. మాలకీ క్రెహాన్ని."

ఆగిపోయింది.

వాగంతా నిశ్శబ్దం... కీచురాళ్లు కూడా లేవు. అప్పుడు గుడిసె చీకట్లోంచి, క్లేర్ యాసలో, ఒక ఆడగొంతు మెల్లగా అంది.

"మాలకీ క్రెహాన్ చచ్చిపోయాడే. వాళ్లమ్మ చర్చిలో పూజ చెప్పిస్తే పక్కన మోకరిల్లింది నేనే."

మాలకీ కూర్చున్నచోటే వెనక్కి జరిగాడు. శాలువా కప్పుకున్న మనిషి గడప దాకా వచ్చి నిలబడింది. కాళ్లకు బూట్లున్నాయి. బూట్లకు దుమ్ము ఉంది. దెయ్యాలకు దుమ్ము అంటదు కదా అన్న ఆలోచన ముందొచ్చింది, ఆమె ఎవరన్నది తర్వాత తట్టింది.

"ఒనోరా వదినా?"

అవును, ఆమే. డినీ ఒక రోజు ముందే వచ్చేశాడు. అవతలి గట్టున ఆగితే ఎడ్లు కాడి తప్పించుకుని పోయాయి. ఆమెను గుడిసెలో కూర్చోబెట్టి, పీపా జోలికి పోవద్దని చెప్పి, మెడగంటల చప్పుడు పట్టుకుని వాగు పైకి వెళ్లాడు.

"నా మొగుడి పేరు నీ నోట్లో ఎందుకుంది?" అంది ఆమె.

చెప్పాడు. జ్వరం సంగతి, చొక్కా సంగతి, గోనె సంగతి. ఆమె గడపకు ఆనుకుని వింది. ఏడుస్తుందేమో, మీద పడి కొడుతుందేమో అనుకున్నాడు. కొడితే బాగుండనిపించింది కూడా.

"ఎలా పోయాడు?" అని ఒక్కటే అడిగింది.

"నిద్రలో," అన్నాడు మాలకీ. ఆ మాట ఎనిమిదేళ్లుగా సిద్ధంగా ఉంచుకున్నదే.

ఆమె తల ఊపింది. అతనికి కాస్త ఊపిరాడింది. ఇంతసేపూ తన ప్రాణం తీసింది దెయ్యం కాదు, దాహమేసిన ఆడమనిషి అన్నమాట. బుడ్డి ఆమె వైపు చాచాడు. "తాగు వదినా. గ్లాసుతో కొట్టే బదులు పిలవచ్చుగా, భయపడి చచ్చాను."

ఆమె బుడ్డి అందుకోలేదు.

"నా దగ్గర గ్లాసు లేదు," అంది.

మాలకీ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"పొద్దుగూకినప్పటి నుంచీ వింటున్నాను. ఫెలిం చీకటిపడి ఇంటికొస్తే తలుపు అలాగే కొట్టేవాడు. రెండుసార్లు, ఆగి ఒకసారి. వచ్చింది తనే అని నాకు తెలియడానికి. అందుకే నాకు భయం వెయ్యలేదు." ఆమె పీపా వైపు చూసింది. "నన్ను తీసుకెళ్లడానికి వచ్చాడనుకుని కూర్చున్నా."

మాలకీ నేల మీదికి చూశాడు. అలాగే అన్నాడు, "నిద్రలో కాదు వదినా."

మిగిలింది అప్పుడు చెప్పాడు. ఆ చివరి రాత్రి ఫెలింకు గొంతు లేదు. నీళ్ల కోసం రేకు గ్లాసుతో చెక్కబల్ల మీద కొట్టాడు. రెండుసార్లు, ఆగి ఒకసారి. మళ్లీ అలాగే. మళ్లీ. మాలకీ మెలకువగానే ఉన్నాడు. తన గ్లాసులో, తన వంతు నీళ్లు నాలుగు గుక్కలున్నాయి. తెల్లారేదాకా నీళ్లు రావు. కళ్లు మూసుకుని, గురక పెట్టినట్టు నటించాడు. చాలాసేపటికి చప్పుడు ఆగింది. ఇక నిద్ర పట్టుంటుందిలే అని తనకు తను చెప్పుకుని ఆ నాలుగు గుక్కలూ తాగేశాడు.

ఒనోరా శాలువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అది తీసేసి అంది.

"రేపు మేజిస్ట్రేటు దగ్గరికెళ్లి నీ పేరు చెప్పు. నేను విధవనని నాకొక కాగితం కావాలి. నీ నుంచి మీ అమ్మకొక ఉత్తరం పోవాలి. ఆ ముసలిది నీ కోసం ఇంకా నల్లబట్టలు కడుతోంది."

"యావజ్జీవం వేస్తారు వదినా."

"వెయ్యనీ," అంది. "అది నీదే కదా."

అంతే. ఆపలేదు, చెయ్యి పట్టుకోలేదు. లోపలికి వెళ్లి గోడ వైపు తిరిగి కూర్చుంది. దక్షిణం దారి వెన్నెల్లో తెల్లగా, ఖాళీగా ఉంది. మూట ఇంకా అతని భుజానే ఉంది. డినీ వచ్చేలోపు రెండు మైళ్లు పోవచ్చు. పోతే ఆమె అరవదని కూడా అతనికి తెలుసు. అమ్మ బతికే ఉందన్న మాట ఒకటి గుండెలో ముల్లులా దిగింది, అయినా కళ్లు దారి మీదే ఉన్నాయి. గుడిసె గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. కాసేపు ఇలా ఉంటే ఏదో ఒకటి దానంతటదే తేలుతుందనుకున్నాడు.

టక్ టక్...

గుడిసెలో శాలువా కదిలిన చప్పుడైంది. ఆమె ఇటు తిరిగింది. పీపా వైపు కాదు, అతని వైపు చూస్తోంది.

...టక్.

మాలకీ కళ్లు తెరిచాడు. బుడ్డి ఊపి చూశాడు. అడుగున నాలుగు గుక్కలుంటాయి.

భుజాన ఉన్న మూట దించి గడప దగ్గర పెట్టాడు. బుడ్డి పట్టుకుని లేచాడు.

"వస్తున్నానన్నా," అన్నాడు.