మూలదర్శిని చెప్పని మాట

వకుళ దువ్వెనను జుట్టులోకి దించగానే మూలదర్శిని రోజూ పలికే మాటే పలికింది: ఆరోగ్యం సజావుగా ఉంది. దువ్వెనతోపాటు గుప్పెడు జుట్టు చేతిలోకి వచ్చింది.

విశాఖలో ఇప్పుడు మూలదర్శిని లేని ఇల్లు లేదు. వెంట్రుక వేరును చదివి, రాబోయే జబ్బును ముందే పసిగట్టే దువ్వెన అది. దాని మాట కాదని డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు తక్కువ. వకుళ కూడా రెండు నెలలుగా నూనెలు మార్చింది. రేవులో క్రేన్ నడిపే డ్యూటీకి తలకు రుమాలు కట్టుకుని వెళ్లింది. లోపల ఏదో పెద్ద రోగం ఉందని, యంత్రానికి అది అందడం లేదని భయపడింది. పదేళ్ల కూతురు ఏమైపోతుందోనని ఏడ్చింది. ఆ రోజు మాత్రం సెలవు పెట్టి ఆస్పత్రికి వెళ్లింది.

డాక్టర్ నూర్జహాన్ తల పరీక్షించి, ఈమధ్య జ్వరమేమైనా వచ్చిందా అని అడిగింది. నాలుగు నెలల కిందట డెంగీ వచ్చిందని వకుళ చెప్పింది. పెద్ద జ్వరం తర్వాత వేర్లు ఒక్కసారిగా నిద్రలోకి పోతాయని, రెండు మూడు నెలలకు ఆ జుట్టు రాలుతుందని, మళ్లీ మొలుస్తుందని డాక్టరు వివరించింది. తర్వాత మూలదర్శిని నివేదిక తెరిచి, అందులోని తేదీ చూపించింది.

“ఇది డెబ్బై రోజుల కిందటే పసిగట్టిందమ్మా. మృదువార్తగా మీవారికి పంపింది.”

రోగిని కలవరపెట్టే కబురు రోగికి కాక ఇంటివాళ్లకు చేరవేయడమే మృదువార్త. దువ్వెన కొన్ననాడే, ఆ కబురు ఎవరికి పంపాలన్న గడిలో భర్త జోగారావు తన పేరు రాసుకున్నాడు.

ఇంటికొచ్చి నిలదీస్తే అతను దాచలేదు. తెల్లారకముందే లేచి దిండు మీది జుట్టు ఏరేసేవాణ్ణని, ఇంట్లో ఉండే తన తల్లినీ, కూతురినీ కూడా నోరు మెదపొద్దన్నానని ఒప్పుకున్నాడు.

“నీకు తెలిస్తే దిగులుతో ఇంకా రాల్తాదని ఆ దువ్వెనే సెప్పింది వకుళా. నీ మంచికే గదా.”

“కేన్సరనుకుని రోజూ సచ్చాను నాను. నా తలమీద జరిగింది నాకు తప్ప ఇంట్లో అందరికీ తెలుసు. పిల్ల సేత కూడా అబద్ధమాడించావు. తిరిగొస్తాదన్న ఒక్క ముక్క నాకు సెప్తే నీ సొమ్మేటి పోద్ది?”

మర్నాడు ఆమె దువ్వెనను కంపెనీ ఆఫీసులో బల్లమీద పడేసింది. గడిలో మీ పేరే రాసిస్తామని వాళ్లన్నా తిరిగి తీసుకోలేదు.

ఆరు నెలలు గడిచాయి. ఒకరోజు జోగారావు వెనక నిలబడి, జుట్టు ఒత్తుగా వచ్చేసిందని సంబరపడ్డాడు. వకుళ చెప్పులేసుకుని ఆస్పత్రికి బస్సెక్కింది.

డాక్టరు పాపిట తీసి చూసి, నిజంగానే బాగా వచ్చిందని చెప్పింది. ఇంతదానికి ఇంత దూరం ఎందుకొచ్చారని, ఇంట్లో ఎవరినడిగినా చెప్పేవారే కదా అని నవ్వింది.

“ఇంట్లో ఎవర్నీ అడగనమ్మా,” అంది వకుళ.