గడ్డి కుక్కిన కడుపులు

ఇంద్రసేనకు ఈ లోకంలో నచ్చనివి చాలా ఉన్నాయి. అత్తగారి ఊరు నచ్చదు, ఆ ఊరికి పోయే ఎర్రబస్సు నచ్చదు, చేనులో గొంగడి పరుచుకుని కూర్చుని తినడం అసలే నచ్చదు. హైదరాబాదులో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాడు. కప్పను కోసి లోపల ఏముందో పిల్లలకు చూపించే మనిషికి ఇంక తెలియనిదంటూ ఏముంటుందని ఆయన ధీమా.

అది 1981 డిసెంబరు, ఎళ్ళమావాస్య రోజు. ఆ రోజు జహీరాబాద్ చుట్టుపక్కల ఇళ్ళకు తాళాలు పడతాయి, జనమంతా చేలలోనే ఉంటారు. జొన్న పొట్ట మీద ఉంటుంది కాబట్టి భూమి కడుపుతో ఉందని వాళ్ళ లెక్క. కడుపుతో ఉన్న ఆడమనిషికి పెట్టినట్టే పొలానికీ పెడతారు. ఝరాసంగం వైపు ఇంద్రసేన అత్తగారింట్లో పద్ధతి ఏమిటంటే, ఒకరు ముందు నడుస్తూ అంబలీ, పప్పులూ ఆకుకూరలూ కలిపి వండిన భజ్జీ చల్లి "కడుపు నిండిందా?" అని పిలవాలి. వెనక నడిచే మనిషి పొలం తరఫున "నిండింది, నిండింది" అని పలకాలి. ముందు నడిచేవాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదు.

ఆ పొద్దున మామగారు బస్వరాజ్ పిలుస్తుంటే, వెనక పలికింది ఇంద్రసేన భార్య భాగీరథి. ఆమెకు ఐదో నెల. అంతకు ముందు రెండుసార్లు నిలవలేదు. మొక్కులన్నీ మోసమని ఇంద్రసేన అత్తగారి ముఖం మీదే అనేవాడు గాని, పడుకున్నాక భార్య కాస్త మూలిగినా లేచి కూర్చుని ఆమె ఊపిరి వినేవాడు. ఈసారి కూడా పోతే ఆమె బతకదని ఆయనకు భయం. ఆ భయాన్ని ఎవరికీ చెప్పేవాడు కాదు. చెబితే పరువు పోతుందిగా మరి.

సాయంత్రం హైదరాబాదు బస్సెక్కే లోపు ఆయనకు జహీరాబాద్‌లో చిన్న పని ఉంది. అక్కడి మ్యూజియాన్ని ఉంచాలా, ఎత్తేయాలా చూసి రాసివ్వమని ఒక ఆఫీసరు అడిగాడు. స్టేషన్ వెనక, ఎప్పుడో పోయిన ఒక జాగీర్దారు బంగళా అది. ఊళ్ళోవాళ్ళు అజాయబ్ ఘర్ అంటారు. ఆ పెద్దమనిషి బతికినంత కాలం కంటికి కనబడి కదిలిన ప్రతిదాన్నీ కాల్చాడు. కాల్చిన ప్రతిదానిలో గడ్డి కుక్కించి వరసగా నిలబెట్టించాడు.

ఇంద్రసేన, భాగీరథి అక్కడికి చేరేసరికి నాలుగున్నర. కాపలాదారు సిద్దప్ప అరవై దాటినవాడు, తలకు రుమాలు చుట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. భాగీరథిని చూసి లేచి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు లోపలికి రాకు బిడ్డా. గీ అరుగు మీద కూసో."

"ఎందుకట?" అన్నాడు ఇంద్రసేన.

"కడుపుతోటున్నది గద సారు. లోపల మంచిగుండది."

"వాసన సంగతైతే నిజమే," అని ముక్కుకు రుమాలు పెట్టుకుని ఇంద్రసేన లోపలికి నడిచాడు.

మూడు గదులు, ఒకదాని వెనక ఒకటి. కలరా ఉండల వాసన, పాత తోలు వాసన, గబ్బిలాల కంపు. మొదటి గదిలో చిరుతపులికి కళ్ళ చోట గోలీసోడా గోళీలు పెట్టారు, ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ. "ఇది పులా, పీర్ల పండుగ పులివేషమా?" అన్నాడు. ఎలుగుబంటి ముక్కు తారు ముద్ద. రెండో గదిలో మొసలి నడుము దగ్గర కుట్లు విడిపోయి గడ్డి కిందికి వేలాడుతోంది. ఈకలు రాలిన నెమలికి చీపురు పుల్లలు గుచ్చారు. ఇంద్రసేన ఒక్కోదాని ముందు నిలబడి ఒక్కో వెక్కిరింపు విసిరాడు. సిద్దప్ప ప్రతిదానికీ "అవును సారు" అన్నాడు.

మూడో గదిలో ఒక్కటే జంతువు. ఆడ కృష్ణజింక. పొట్ట కింద గోనె దారంతో వేసిన పొడుగాటి కుట్టు. పక్కన బల్ల మీద గాజు సీసాలో, పచ్చబడిన స్పిరిట్‌లో, వెంట్రుకలు ఇంకా మొలవని జింకపిల్ల కళ్ళు మూసుకుని ముడుచుకుని ఉంది.

"కాల్చినంక తెలిసింది సారు, కడుపుతోటున్నదని," అన్నాడు సిద్దప్ప గొంతు తగ్గించి. "కుట్లేసింది మా నాయిన వీరన్న. ఆ దినం ఆయన అన్నం ముట్టలే."

"కుట్టడం కూడా చేతకాలేదు మీ నాయినకు," అన్నాడు ఇంద్రసేన. పుస్తకం తీసి 'గడ్డితో సహా తగలబెట్టవచ్చు' అని రాసుకున్నాడు.

బయటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. సిద్దప్ప మూలనుంచి ఒక మట్టికుండ తెచ్చి గుమ్మంలో పెట్టాడు. దానిలో అంబలి, పైన భజ్జి, సజ్జరొట్టె ముక్కలు.

"ఇదెవరికి?"

"లోపలున్నోళ్లకు సారు. ఈళ్ల కడుపుల గడ్డి కుక్కినం. ఏడాదికొక్కనాడన్న ఇంత మెతుకు పెట్టమని మా నాయిన చెప్పి పోయిండు. నేను ముందు నడిచి పిలిస్తే మా ఇంటామె నారమ్మ వెనక పలికేది. మొన్న వానకాలంల ఆమె పాయె. మా కొడుకు మాణిక్ వస్తనన్నడు, ఇంకా చేన్ల నుంచి రాలే."

ఇంద్రసేన పకపకా నవ్వాడు. "చచ్చినవాటికి బదులు ఇంకొకరు పలకాలా? మా కాలేజీలో కూడా ఇదే దొంగ హాజరు. దానికింత ఎదురుచూడటమెందుకు, నువ్వే పోయి చల్లిరా."

"పలికే మనిషి లేకుంట పిలువద్దు సారు. పిలిస్తే వెనక జాగ ఖాళీ ఉండదు. ఎవరో ఒకరు పలుకుతరు."

ఆ మాటతో ఇంద్రసేనకు ఎక్కడలేని హుషారు వచ్చింది. వంగి కుండ అందుకున్నాడు.

"ఎందుకండి," అంది భాగీరథి. "ఆయన పని ఆయనను చేసుకోనియ్యుండ్రి. ఊకె ఎగతాళి జేస్తే మంచిగుండదు."

"నువ్వు చూస్తుండు. రెండు నిమిషాల్లో మీవాళ్ళ భయం వదలగొడతా."

సిద్దప్ప అడ్డం పోలేదు. సర్కారు తరఫున వచ్చిన సారును అడ్డుకుంటే బంగళా వెనకున్న తన గుడిసె కూడా పోతుందని ఆయన భయం ఆయనది. "వెనక్కి మాత్రం చూడకుండ్రి సారు," అన్నాడు. "ఏం పలికిందో మంచిగ ఇనుండ్రి."

అప్పుడే కరెంటు పోయింది. ఊళ్ళో రోజూ ఆ వేళకు పోయేదే.

మొదటి గదిలో కిటికీ నుంచి ఇంకా కొంచెం వెలుతురు పడుతోంది. ఇంద్రసేన గుప్పెడు అంబలి చిరుత కాళ్ళ దగ్గర విదిలించి, నాటకంలో వేషగాడిలా గొంతు లాగి పిలిచాడు. "కడుపు నిండిందా...?"

వెనకనుంచి, గుమ్మం దగ్గరగా, మెల్లగా ఆడగొంతు పలికింది.

"నిండింది... నిండింది."

భాగీరథే. ఇంద్రసేనకు నవ్వొచ్చింది. వద్దు వద్దంటూనే వెనకాల వచ్చింది. పాపం, మొగుడు ఒక్కడే పోతున్నాడని బెంగ. తిరిగి చూద్దామనుకున్నాడు గాని, ఆమె పద్ధతి ఆమెకు దక్కనీ అని ముందుకే నడిచాడు. "కింద గడ్డి ఉంది, చూసుకుని నడువు," అన్నాడు. ఆమె ఏమీ అనలేదు.

రెండో గది ఇంకా చీకటి. మొసలి ఎక్కడుందో కాలికి తగిలాక తెలిసింది. అంబలి చల్లాడు. నేల మీద పడ్డ చప్పుడు మామూలుగా వినబడాలి. వినబడలేదు.

"కడుపు నిండిందా?"

"నిండింది..."

ఈసారి వీపుకు దగ్గరగా. ఒక్కసారే అంది. కలరా ఉండల వాసన ఎక్కడికి పోయిందో పోయింది. దాని చోట ఇంకో వాసన. తడి వెంట్రుకల వాసన... పచ్చిపాల వాసన. ఇంద్రసేన చేతులు తన ప్రమేయం లేకుండానే కుండను గుండెకు అదుముకున్నాయి.

"భాగీరథీ... మాట్లాడవేం?"

నడక మాత్రం వినబడుతోంది. చెప్పుల చప్పుడు కాదు. గట్టిగా, చిన్నగా... టక్... టక్... ఒక అడుగుకూ ఇంకో అడుగుకూ మధ్య తడబాటు. అప్పుడే నడక నేర్చుకుంటున్నట్టు.

మూడో గదిలోకి అడుగుపెట్టాడు. పెట్టకుండా వెనక్కి రావచ్చు. కానీ వెనక్కి రావాలంటే తిరగాలి. చదువుకున్నవాడు, లెక్చరరు, తిరగడానికి భయపడ్డాడు. ఇంకా హీనమేమిటంటే, పిలవకుండా ఊరుకోవడానికి కూడా భయపడ్డాడు.

"కడుపు... నిండిందా...?"

ఈసారి వీపు దగ్గర కాదు... కింద... మోకాలి ఎత్తున... ఎవరో గుటక మింగారు.

"నిండలే."

తిరిగాడు. తిరగకుండా ఉండలేకపోయాడు. అక్కడ ఏమీ లేదు. జింక తన చోటనే ఉంది. సీసా బల్ల మీదే ఉంది, లోపలిది చీకట్లో కనబడలేదు. చేతిలో కుండ మాత్రం తేలికైపోయింది. వేలు పెట్టి చూశాడు. అడుగున ఒక్క మెతుకు లేదు, తుడిచినట్టు నున్నగా ఉంది. కుండ లోపల వెచ్చగా ఉంది.

ఎట్లా బయటపడ్డాడో ఆయనకే తెలియదు. బయట అరుగు మీద సిద్దప్ప కందిలి ముట్టిస్తున్నాడు. పక్కన భాగీరథి కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

"నువ్వు లోపలికి వచ్చావా?"

"నేనెందుకొస్తండి? ఈ పెద్దాయన రావద్దన్నడు గద. కూసున్న జాగల్నించి లెవ్వలే," అంది. మగని ముఖం చూసి ఆమె ముఖం వాడిపోయింది. "ఏమయిందండి?"

సిద్దప్ప కందిలి ఎత్తి ఖాళీ కుండలోకి చూశాడు. తరువాత ఇంద్రసేన ముఖంలోకి చూశాడు.

"పలికిందా సారు?"

ఇంద్రసేన ఖాళీ కుండను అరుగు మీద పెట్టాడు.

"ఏమని పలికిందో చెప్పుండ్రి. నిండిందంటే ఫికర్ లేదు, ఏడాదిదాక పండుకుంటది. నిండలే అంటే మాత్రం ఈడికెల్లి కదలొద్దు. నేనిప్పుడే ఇంకో కుండ వండుకొస్త. నిండిందనేదాక పెట్టుకుంటనే ఉండాలె. లేకుంటే, యాడ తిండి దొరుకుతదో ఆడికి ఎంబడి వస్తది." ఆయన చూపు ఒక్క క్షణం భాగీరథి మీదికి పోయి వెంటనే నేల మీదికి దిగింది. "సిగ్గుపడకుండ్రి సారు. జర నిజం చెప్పుండ్రి."

చెప్పాల్సింది ఒక్క మాట. కానీ ఆ మాట చెబితే ఏమవుతుంది? రుమాలు చుట్టుకున్న కాపలాదారు ముందు, భార్య ముందు, గడ్డిబొమ్మ మాట్లాడిందని ఒప్పుకోవాలి. రేపు మామగారి చేనులో అందరూ చెప్పుకుని నవ్వుతారు. ఇంద్రసేన చెమట తుడుచుకుని అంగీ సరిచేసుకున్నాడు.

"ఎవరు పలుకుతారయ్యా, నీ పిచ్చి గాని? అయినా నీ తృప్తి కోసం చెబుతున్నా. నిండిందట. సరేనా?"

"మూడుసార్లూ?"

"మూడుసార్లూ."

సిద్దప్ప రెండు చేతులూ జోడించాడు. వాళ్ళు బస్సు కోసం నడిచిపోయారు. బాట మీద భాగీరథి ముందు నడిచింది, వెనక ఇంద్రసేన. ఎందుకో ఆయన అట్లాగే నడవాలన్నాడు.

సంగారెడ్డి దాటకముందే ఆమె దారికని కట్టుకున్న రొట్టెలన్నీ తినేసింది. ఇంటికి చేరాక అన్నం వండుకుని తిన్నది. మళ్ళీ తిన్నది. మొదటి రెండు రోజులు ఇంద్రసేన సంతోషించాడు కూడా, వేవిళ్ళు తగ్గాయని. వారం గడిచేసరికి ఆమె చెంపలు పీక్కుపోయాయి, చేతిగాజులు మోచేతిదాకా జారుతున్నాయి.

"నాకేం ఆకలి లేదండి," అంది ఒకరోజు, నోటినిండా అన్నంతో, కళ్ళనీళ్ళు పెట్టుకుని. "అయినా తినకుంటే ఊకుంటలేదు."

ఏం ఊరుకోవడం లేదో ఇంద్రసేన అడగలేదు. వెంటనే దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ పెద్దావిడ, మాటలు తక్కువ. బరువు చూసి పెదవి విరిచింది. భాగీరథిని బల్ల మీద పడుకోబెట్టి, చిన్న గొట్టం ఆమె పొట్ట మీద ఆనించి, రెండో కొసకు చెవి పెట్టింది.

"గుండె బాగానే కొట్టుకుంటోంది," అంది. ఇంద్రసేనకు ప్రాణం లేచొచ్చింది. డాక్టరమ్మ మాత్రం చెవి తియ్యలేదు. కాసేపటికి నొసలు ముడిపడింది.

"ఇప్పుడు నువ్వేమైనా అన్నావా అమ్మా?"

"లేదమ్మా."

మళ్ళీ విన్నది. చేత్తో నర్సును చప్పుడు చెయ్యొద్దని ఆపింది. గోడ గడియారం ఒక్కటే కొట్టుకుంటోంది. తరువాత తల ఎత్తకుండానే ఇంద్రసేనతో అంది, గొంతు బాగా తగ్గించి...

"మీరొకసారి ఏదైనా అడగండి ఆమెను. ఏదైనా సరే. నేను వింటాను."

ఇంద్రసేన పళ్ళు బిగబట్టి, రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఏమీ అడగలేదు. భాగీరథీ ఏమీ పలకలేదు. అయినా డాక్టరమ్మ చెవి గొట్టానికి ఆనించే ఉంచింది, ఎవరో చెబుతున్నది చివరిదాకా వినేంత సేపు.