గొట్టంలో చిటికెడు పసుపు

"సిమెంటుకు ఎక్స్‌రేనా? దానికేమన్న బొక్క ఇరిగిందా?"

కౌశిక్ ఆమెతో అన్న మొదటి మాటే అది. అనూహ్య చూసిన చూపుకి ఆర్మూర్ మార్కెట్లో పచ్చి పసుపంతా ఎండిపోవాల్సిందే.

ఆలూర్ రైతు ముత్తెన్న కూతురామె. హైదరాబాద్‌లో సిమెంట్ మీద పరిశోధన చేస్తోంది. పసుపు అమ్మడానికి నాన్నతో కలిసి, రైతుల పంట కమీషన్‌కి అమ్మిపెట్టే కౌశిక్ వాళ్ల అడ్తి దుకాణానికొచ్చి, అక్కడ కొత్త కల్లానికి కలుపుతున్న సిమెంట్‌ని పెన్ను రీఫిల్ అంత గొట్టంలో నింపుకుంటోంది.

"నీళ్లు తాకంగనే లోపల సన్నసన్న పలుకులు పుడ్తయి. ఒకదాన్నొకటి గట్టిగ పట్టుకుంటయి. పలగ్గొట్టకుంట గదంత ఎక్స్‌రేల చూస్తం."

"గట్లయితే నా లోపల గూడ జర చూడరాదు?"

ఆమె నవ్వాపుకుంటూ మూత కోసం సంచిలో వెతికింది. కౌశిక్ మనసు అప్పటికే చేజారిపోయింది. ఆ సంబరంలో, కల్లం పూజకు తెచ్చిన పళ్లెంలోంచి చిటికెడు పసుపు తీసి గొట్టంలో వేసేశాడు. వాళ్లింట్లో పసుపు పడకుండా ఏ కొత్త పనీ మొదలుకాదు మరి.

వారం తర్వాత, వాన దంచికొడుతుంటే, అనూహ్య దుకాణంలోకి దూసుకొచ్చి ఫోన్ అతని ముఖం ముందు పెట్టింది. బూడిదరంగు బొమ్మ నిండా నల్ల చుక్కలు.

"గివేంది? సిమెంట్ గాదు, గాలి బుడగలు గాదు. మా సార్ గిదేందని అడుగుతుండు. పలగ్గొట్టి చూస్తే గిట్లుంది!"

ఆమె అరచేతిలో సిమెంట్ ముక్క. లోపల ఎర్రటి మరకలు. సిమెంట్‌లోని సున్నం తగిలి పసుపు ఎర్రబడింది, అచ్చం పారాణిలా.

ఇక ఈమె తన ముఖం చూడదనుకున్నాడు కౌశిక్. దాచి లాభం లేదు.

"తప్పయింది. నీ పని మంచిగ కావాలని నేనే పసుపేసిన. నువ్వంటే నాకు మస్తు ఇష్టం. గా రోజే చెప్దామంటే ధైర్యం సాలలే."

అనూహ్య బుగ్గలు ఆ ముక్క కన్నా ఎర్రబడ్డాయి.

"నా సిమెంట్ మంచిగుండాలని ఇంతవరకు ఎవ్వరు కోరుకోలే" అంది మెల్లగా. "మల్ల సాంపిల్ తీస్కపోత. ఈసారి గొట్టంల పసుపేసినవో..."

"మరి యాడెయ్యాలె?"

"పెండ్లినాడు పారాణి పెట్టేకాడ" అని తన పాదాల వైపు చూసింది.

కౌశిక్ గల్లాపెట్టె తట్టుకుని పడబోయాడు. లోపలి గదిలోంచి వాళ్లమ్మ పద్మ నవ్వుతూ బయటికొచ్చింది.

"పారాణి నేను కలుపుత బిడ్డా. మీ నాయినతోని గూడ నేనే మాట్లాడ్త. నువ్వు మాత్రం ఇగ నన్ను ఆంటీ అనకు."

"సరే ఆంటీ" అని నాలుక్కరుచుకుంది అనూహ్య.