ఎత్తుకున్నవాళ్లే ముగించాలి

ఉత్సవం ఆదివారంతో ముగిసింది. సోమవారం మధ్యాహ్నానికల్లా డేరాలు విప్పేశారు. గొర్రెలు మేసే మైదానం నిండా బురద, టైర్ల జాడలు మిగిలాయి. ఐర్లండ్‌లోని డోనెగాల్ కొండల నడుమ ఉన్న ఆ ఊరి హాల్లో తడిసిన ఉన్ని కోట్ల వాసన, మరిగి మరిగి చేదెక్కిన టీ వాసన కలిసిపోయి ఉన్నాయి.

ఈ సంగీతోత్సవాన్ని నడిపేది ఊరివాళ్లే. ఒకరు కార్లు నిలిపిస్తారు, ఒకరు సూప్ కాస్తారు, ఒకరు మరుగుదొడ్లు కడుగుతారు. ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్లు హాయిగా వాయిస్తుంటే వీళ్లు వంటగదిలో కప్పులు తోముతూ వినాలి. అందుకే సోమవారం అంతా సర్దేశాక తలుపులు వేసుకుని వీళ్ల కోసం వీళ్లు వాయించుకుంటారు. ఆ రోజు కోసమే ఈ చాకిరీ అంతా చేస్తారని చెప్పినా తప్పులేదు.

అలా కూర్చుని వాయించడానికి రెండు కట్టుబాట్లున్నాయి. బాణీ ఎవరు ఎత్తుకుంటే వాళ్లే ముగించాలి. బాణీ మూడుసార్లు తిరిగొచ్చాక, ఎత్తుకున్నవాళ్లు తాళం వేస్తున్న కాలు నేలమీదినుంచి ఎత్తి చూపిస్తే అందరూ ఆగుతారు. రెండోది, మనుషులెందరో కుర్చీలు అన్నే. వలయంలో ఖాళీ కుర్చీ ఉంచరు. ఎందుకని ఎవరూ అడగలేదు. అదొక మర్యాద అనుకున్నారంతే.

ఈసారి కుర్చీలు వేసింది సోర్కా. అలవాటుకొద్దీ కిటికీ పక్కన ఒకటి ఎక్కువ వేసేసింది. అది కోర్మాక్ బాబాయ్ కుర్చీ. ఆయన ఫిబ్రవరి మంచులో పోయాడు. సోర్కా తండ్రి ఫెలిమ్‌తో కలిసి ఈ ఉత్సవాన్ని మొదలుపెట్టిందీ, సోర్కాకు ఫిడేలు నేర్పిందీ ఆయనే. మంచివాడే గాని జిడ్డు మనిషి. హాలు మూసే వేళయిందంటే "ఇంకొక్కటి" అనేవాడు. ఇంటికెళ్లే వాళ్ల కోటు పట్టుకుని కూర్చోబెట్టేవాడు. చలికి వేళ్లు బిగుసుకోకుండా కర్పూరం లేపనం దట్టంగా రాసుకునేవాడు. ఆయన ఫిడేలుకి కూడా జలుబు చేసిందని, హాలు వంటగది చూసుకునే గ్రానియా ఏడిపించేది.

సోర్కా నాలుక కరుచుకుని ఆ కుర్చీ తియ్యబోయింది. ఫెలిమ్ వద్దన్నాడు.

"ఉండనీవే. ఈ ఒక్కపూటా కూర్చోనీ వాణ్ణి."

తండ్రి మాట కాదనలేకపోయింది. ఆమె దిగులు కుర్చీ గురించి కాదు, తండ్రి గురించి. క్వారీ దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్ని సగం తినేసింది. ఫ్లూటు ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఒకే ఒక్క బాణీ వాయించి పెట్టెలో పెట్టేస్తానని కూతురికి మాటిచ్చి మరీ వచ్చాడు. సోర్కా ఆయనకు ఎదురుగా, కళ్ల ముందే ఉండేలా కూర్చుంది. వంటగది గుమ్మంలోంచి గ్రానియా చూసి నవ్వింది.

"ఫిడేలు వాయించడానికొచ్చావా, నాన్నకి కాపలా కాయడానికొచ్చావా?"

"రెండూనూ."

"అయితే రెండూ చెడతాయి. ముందు టీ తాగు."

అప్పటికే కొండమీదినుంచి పొగమంచు దిగింది. కిటికీ అద్దాలు తెల్లబడ్డాయి. బయట రోడ్డు, గోడ, వంతెన ఏవీ లేవు. గ్రానియా లోపలికెళ్లి పాత్రలు తోముతోంది. ఇక్కడ డప్పు ఒళ్లో పెట్టుకుని బార్నీ, ఫిడేలుతో సోర్కా, ఫ్లూటుతో ఫెలిమ్, మరో ఇద్దరు ముగ్గురు ఊరివాళ్లు. ముందు మీరంటే మీరని మొహమాటపడుతున్నారు.

ఎవరో ఎత్తుకున్నారు.

గంతులేయించే హుషారు బాణీ. అందరికీ తెలిసినదే. సోర్కా బాణీ రెండో వరుసలో కలిసింది. డప్పు కలిసింది. తండ్రి ఫ్లూటు కూడా సన్నగా, తియ్యగా వచ్చి చేరింది. ఎన్నాళ్లయిందో ఆ మోత విని. మూడు రోజుల ఒళ్లు నొప్పులూ ఒక్కసారిగా తీరినట్టయి ఆమె కళ్లు మూసుకుంది.

మూడో తిరుగుడు అయింది. ఇక ఆగుతుందని కళ్లు తెరిచింది. ఎవరూ కాలెత్తలేదు.

నాలుగో తిరుగుడులో పడ్డారు. బార్నీ ఆమె వైపు చూశాడు. నువ్వు కదూ ఎత్తుకున్నది అని ఆ చూపు. ఆమె తల అడ్డంగా ఊపి తండ్రి వైపు చూసింది. ఆయన బార్నీ వైపు చూస్తున్నాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ తలలు అడ్డంగా ఊపారు. చేతులు మాత్రం వాయిస్తూనే ఉన్నాయి.

పోనీ నేనే ఆపేస్తాననుకుంది సోర్కా. ఫిడేలు కమాను ఆగలేదు.

మళ్లీ ప్రయత్నించింది. మోచెయ్యి తనది కానట్టే పైకీ కిందికీ పోతోంది. వేళ్లు వాటంతటవే తీగలమీద పరుగెడుతున్నాయి... అప్పుడు ముక్కుకి తగిలింది ఆ వాసన. కర్పూరం. దానితోపాటు చెక్క నేలమీద ఒక కాలి చప్పుడు. టక్... టక్... టక్. ఎవరి కాలూ అంత బరువుగా పడటం లేదు. అది కిటికీ పక్కనుంచి వస్తోంది.

ఆమె అటు తల తిప్పింది. కుర్చీ ఖాళీగానే ఉంది.

ఫెలిమ్ పెదవులు నీలంగా మారుతున్నాయి. వరుసకీ వరుసకీ మధ్య గుక్క తిప్పుకునేందుకు దొరికే సందు ఆయనకు చాలడం లేదు. ఆ సందులోనే గొణిగాడు.

"సోర్కా... ఆపించవే..."

బాణీ వేగం పెరిగింది. గ్రానియా గుమ్మంలోకి వచ్చి చూసింది. నవ్వు మొహం నవ్వులాగే బిగిసిపోయింది. పరుగున వచ్చి ఫెలిమ్ చేతుల్లోంచి ఫ్లూటు లాగేసి పక్క కుర్చీలో పడేసింది. ఆయన వేళ్లు ఉత్త గాలిమీద ఆడుతూనే ఉన్నాయి. పెదవులు ఊదుతూనే ఉన్నాయి. చప్పుడు లేదు, ఊపిరి మాత్రం పోతోంది.

సోర్కాకు చేతులు తనవి కావు. కాళ్లు ఇంకా తనవే. వాయిస్తూనే లేచింది. వాయిస్తూనే కిటికీ దాకా నడిచింది. దగ్గరికి వెళ్లేకొద్దీ వాసనకు కళ్లు మండాయి.

"బాబాయ్, నాన్నకి ఊపిరి అందట్లేదు. చాలు బాబాయ్. కాలెత్తు."

టక్... టక్... టక్.

వినిపించుకోలేదు. బతికున్నప్పుడు మాత్రం విన్నాడా! ఎత్తుకున్నవాళ్లే ముగించాలి. మరి ఎత్తుకున్నవాడి చోట తనే కూర్చుంటే? ఇంకేమీ ఆలోచించలేదు. వెనక్కి తిరిగి ఆ కుర్చీలో కూర్చుంది. నడుం దాకా మంచులో దిగినట్టయింది. ఆమె కాలు తనంతట తాను తాళం అందుకుంది. పళ్లు బిగించి, రెండు కాళ్ల బలమూ ఒక్క కాలికి తెచ్చుకుని, నేలమీదినుంచి ఎత్తింది.

బాణీ ఆగింది.

ఫెలిమ్ ముందుకు ఒరిగిపోయాడు. బార్నీ పట్టుకున్నాడు. ఎవరో ఏడుస్తున్నారు. హమ్మయ్య అని సోర్కా మడమ నేలకు ఆనించింది.

వెంటనే కమాను లేచింది. ఎదురుగా తండ్రి వేళ్లు కదిలాయి.

ఆమె చటుక్కున కాలెత్తింది. మళ్లీ నిశ్శబ్దం.

అందరికీ అర్థమైంది. ఆమె కాలు దింపితే బాణీ మళ్లీ మొదలవుతుంది.

"నాన్నని వ్యాన్‌లో వేసుకుని వెళ్లిపోండి. అందరూ వెళ్లండి," అంది సోర్కా, గొంతు పెంచకుండా.

"నిన్నొదిలేసి ఎలా వెళ్తామే?" అంది గ్రానియా.

"ఎంతసేపు ఎత్తి ఉంచగలననుకున్నావు? ఆయన చెయ్యి పట్టుకునే మనిషి కావాలి. వెళ్లు."

గ్రానియా పరుగున వెళ్లి తలుపు తెరిచింది. బార్నీ ఫెలిమ్‌ని చంటిబిడ్డలా ఎత్తుకున్నాడు. గుమ్మం దగ్గర ఆయన తల తిప్పి కూతుర్ని చూశాడు. ఏదో అనబోయాడు గాని ఊపిరి చాలలేదు.

తలుపు మూసుకుంది. వ్యాన్ కదిలిన చప్పుడు పొగమంచులో మెత్తగా దూరమైంది. సోర్కా తొడ వణుకుతోంది. చేత్తో మోకాలి కింద పట్టుకుందామంటే చేతులు ఫిడేలుని వదలడం లేదు. వంతెన దాటనీ, అనుకుంది. వంతెన దాటితే ఈ హాలు మోత వినపడదు. వినపడకపోతే ఆయనకేమీ కాదు. అదొక్కటే ఆమె పట్టుకున్న ఆశ. పిక్క పట్టేసింది. కన్నీళ్లు గడ్డం మీదుగా ఫిడేలు మీద పడుతున్నాయి.

దూరంగా వంతెన పలకలు దడదడలాడాయి. దాటేశారు.

అంతకుమించి ఆమెవల్ల కాలేదు. కాలు నేలకు ఆనింది.

ఏమీ కాలేదు.

కమాను కదల్లేదు. వేళ్లు కదల్లేదు. కర్పూరం వాసన కూడా పోయినట్టుంది. సోర్కా ఏడుస్తూనే నవ్వింది. నాన్న దక్కాడు. ఫిడేలు ఒళ్లో పెట్టుకుని, లేచే ఓపిక లేక, అలాగే కూర్చుండిపోయింది.

అప్పుడు వినిపించింది. వంతెన అవతలనుంచి, పొగమంచులోంచి, ఫ్లూటు. అదే బాణీ. ఆ తియ్యదనం ఆమెకు పుట్టినప్పటినుంచీ తెలుసు.

కాలెత్తింది. ఆగలేదు. రెండు కాళ్లూ ఎత్తింది. ఆగలేదు.

నాన్న ఫ్లూటు ఎదురుగా కుర్చీలో, గ్రానియా పడేసిన చోటే ఉంది. సోర్కా దాన్నే చూస్తూ చెవులు రిక్కించింది. వరుసకీ వరుసకీ మధ్య ఆ సందు కోసం... నాన్న గుక్క తిప్పుకునే చోటు కోసం...

మొదటి తిరుగుడు అయింది. రెండోదీ అయింది.

ఎక్కడా ఊపిరి తీసుకోవడం లేదు.